రెండు దిక్కులకెళ్లి

మంగళవారం, గద్వాల

ఇయ్యాల మా అమ్మను చూస్తే గర్వమనిపించింది.

తమ్మునికి స్కిజోఫ్రీనియా అని తెలిసిన కాడికెళ్లి నాన్నది ఒక్కటే మాట, "మీ పుట్టింటి రక్తం" అని. అమ్మ ఎన్నడు ఎదురు చెప్పలే. పొద్దుగాల తమ్మున్ని దవాఖానకు తీస్కపోతే, డాక్టరు ముంగట గూడ గదే అన్నడు.

అమ్మ కొంగు సర్దుకొని అడిగింది: "సార్, మేం సీడు పత్తి చేస్తం. మగ పువ్వు తెచ్చి ఆడ పువ్వుకు రాస్తెనే ఇత్తనం. మరి వీనికి నా దిక్కుదే ఎట్లొస్తది?"

డాక్టరు పెన్ను పక్కకు పెట్టిండు. "నిజమేనమ్మా. ఇది ఒక్క జన్యువుతోని వచ్చేది కాదు. చిన్న చిన్న తేడాలు చానా ఉంటయి, రెండు దిక్కులకెళ్లి వస్తయి. అవి ఉన్నా రోగం రావాలని లేదు."

"మరి నా బిడ్డకు?" అమ్మ నా దిక్కు చూపించి అడిగింది.

నేను అడగలేక మింగిన మాట అది. జర ఎక్కువ అవకాశం ఉంటదట, అయినా చానా మందికి రాదట. జర అంటే ఎంతనో...

వాపస్ వచ్చేటప్పుడు బస్సుల నాన్న నిలవడే ఉన్నడు. బయటికి చూస్కుంట అన్నడు: "మా మేనత్త గూడ ఒక్కతే మాట్లాడుకునేది. నేనే ఎవ్వరికి చెప్పలే."

అమ్మ పక్కకు జరిగి ఆయనకు జాగ ఇచ్చింది.