ఇబు నా గురించి అనని మాట

సెప్టెంబర్ 4

నెదర్లాండ్స్ నుంచి మెయిల్ వచ్చింది. మా సాయిల్ ల్యాబ్ నుంచి ఈసారి ఒకరిని పీహెచ్‌డీకి తీసుకుంటారట, స్కాలర్‌షిప్‌తో. ఒక్కరినే. మా ప్రొఫెసర్ ఇబు సుహార్తి మెయిల్ పైకి చదివి, కళ్ళజోడు తీసి, వెనింగ్, యోవిటా, మీరిద్దరూ అప్లై చెయ్యండి, మిగతా పిల్లలకి ఇంకా టైముంది అన్నారు.

యోవిటా అందరి ముందూ నన్ను వాటేసుకుంది. ఫ్లోరెస్ దీవి వాళ్ళకి సిగ్గు తక్కువ అని మా అమ్మ అంటుంది. సీటు ఎవరికొస్తే వాళ్ళు రెండోవాళ్ళకి కడుపు పగిలేలా తిండి పెట్టాలి, సరేనా అంది యోవిటా. సరేనన్నాను.

నేనీ ల్యాబ్‌లో చాలా ఏళ్ళుగా అసిస్టెంటుని. అప్లై చెయ్యడం ఇది మూడోసారి. యోవిటా నిన్నగాక మొన్న చేరింది.

ఇలా లెక్కేసుకోవడం బాగాలేదు. తెలుసు.

సెప్టెంబర్ 19

నా ఎస్సే యోవిటాకి చూపించాను. సమాధి రాయి మీద చెక్కినట్టుంది, ఇందులో మనిషేది అంది. ఒళ్ళు మండింది. కాని నిజమే.

తర్వాత ల్యాబ్ వెనక మెట్ల మీద కూర్చోబెట్టి, అసలు నీకీ మట్టి పిచ్చి ఎందుకు పట్టిందో చెప్పు అని సతాయించింది. క్లాటెన్‌లో మా పొలం గురించి చెప్పాను. అగ్నిపర్వతం పేలి బూడిద కప్పేసిన ఏడు. నాన్న గట్టు మీద నిలబడి, అయిపోయిందిలే అని నవ్వడం. రెండేళ్ళకి అదే బూడిదలో వరి మోకాళ్ళు దాటి లేవడం. యోవిటా తొడ మీద చరుచుకుని, ఒసే మొద్దూ, ఇదీ ఎస్సే అంటే, ఇన్నాళ్ళూ దీన్ని ఎక్కడ దాచావే అంది.

సాయంత్రం దాకా కూర్చుంది. ప్రతి వాక్యం దగ్గరా. తన ఎస్సే ఇంకా మొదలే పెట్టలేదట.

అక్టోబర్ 2

ఐఈఎల్‌టీఎస్ అయింది. మీకిష్టమైన పండుగ గురించి మాట్లాడండి అన్నారు. పండుగ పేరే మర్చిపోయాను.

అక్టోబర్ 11

గునుంగ్‌కిదుల్ ఫీల్డుకి వెళ్ళాం. కర్రపెండలం తోటలో శాంపిల్స్. నేను లేబుళ్ళు రాస్తున్నాను. యోవిటా చెప్పులు విప్పేసి తోటంతా తిరిగింది. ఒక మూల ఆగి, గుప్పెడు మట్టి తీసి వేళ్ళ మధ్య నలిపి, కాస్త నాలుక మీద పెట్టుకుని, ఇక్కడ ఒకప్పుడు ఇటుకల బట్టీ ఉండేది అంది.

తోట ముసలాయన పకపకా నవ్వాడు. పుట్టిన్నాటి నుంచీ ఇక్కడే ఉన్నాను, బట్టీ ఏంటమ్మాయ్ అన్నాడు. ఇంతలో లోపల్నుంచి ఆయన అక్క, ఇంకా ముసలావిడ, ఉంటే ఉండొచ్చురా, మన తాత ఇటుకలే కాల్చేవాడు, నువ్వప్పటికి పుట్టలేదు అని అరిచింది.

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

దారంతా బైకు మీద దాని వెనక కూర్చుని కళ్ళు మూసుకున్నాను. తలనొప్పి అని చెప్పాను.

నవంబర్ 8

ఇబుకి కంట్లో శుక్లాల ఆపరేషన్ అయింది. స్క్రీన్ వంక చూడకూడదట. ఇంటికి పిలిచారు. కంటికి గట్టి మూత, చేతిలో అల్లం టీ. సిఫారసు లేఖలు రెండూ నువ్వే టైప్ చెయ్యి తల్లీ, ముఖ్యమైన మాటలు నేను చెప్తాను, మిగతాది నువ్వు అల్లెయ్యి, నా మెయిల్లో లింకులున్నాయి, నువ్వే అప్‌లోడ్ చేసెయ్యి, పాస్‌వర్డ్ నీకు తెలుసుగా అన్నారు. యోవిటా లేఖ ఇంకెవరితోనైనా రాయించండి ఇబూ అన్నాను. ఎందుకు, నీ మీద నాకు నమ్మకం లేకనా అన్నారు.

ముందు నా గురించి చెప్పారు. క్రమశిక్షణ గల మనిషి. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది. ల్యాబ్ తాళాలు నిశ్చింతగా అప్పగించొచ్చు.

తర్వాత యోవిటా గురించి చెప్పడానికి టీ పక్కన పెట్టారు. ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పారు. నా సర్వీసంతా విద్యార్థులకి మట్టి గురించి నేనే చెప్తూ వచ్చాను, మట్టి చెప్పేది వినగలిగిన విద్యార్థి నాకు ఈమె ఒక్కతే దొరికింది. రాసుకున్నావా? ఇది ఉన్నదున్నట్టు పెట్టు, ఒక్క మాట మార్చకు.

రాసుకున్నాను.

నవంబర్ 9, ఉదయం 6

రెండు లేఖలూ తయారు. నాది చదివాను. నన్ను తాళాల కాపలాకి పెట్టుకోవచ్చు తప్ప పీహెచ్‌డీకి తీసుకోరు ఎవరూ.

యోవిటా లేఖలోంచి ఆ మట్టి వాక్యం తీసి నా లేఖలో పెట్టి చూశాను. ఎలా ఉంటుందో చూద్దామనే. రెండింటిలోనూ 'షీ' అనే ఉంది. మార్చాల్సిన అక్షరం ఒక్కటీ లేదు.

నవంబర్ 9, మధ్యాహ్నం

అప్‌లోడ్ చేశాను. రెండూ.

యోవిటా లేఖలో అబద్ధం ఒక్కటీ లేదు. కష్టపడుతుంది, సమయానికి వస్తుంది, అందరితో కలిసిపోతుంది. అన్నీ నిజాలే. ఆ ఒక్క వాక్యమే లేదు.

నవంబర్ 10

ల్యాబ్‌కి వెళ్ళలేదు. పొద్దున తిన్నది పడలేదని చెప్పాను.

డిసెంబర్ 1

యోవిటా ఈరోజే అప్లికేషన్ పంపింది, ఆఖరి రోజున. ఊరి నుంచి వాళ్ళమ్మ పంపిన మొక్కజొన్నలు ఉడకబెట్టి గిన్నెడు తెచ్చింది. నా లేఖ నువ్వే టైప్ చేశావట, ఇబు చెప్పారు, థాంక్సే, నీ ఇంగ్లీషు నాకంటే నయం అంది. నా గురించి ఏం రాశారే, ఒక్క ముక్క చెప్పవూ అంది.

కాన్ఫిడెన్షియల్ అన్నాను.

పోవే, పెద్ద జడ్జిగారు అని నవ్వింది.

జనవరి 16

ఇంటర్వ్యూ. కంప్యూటర్లో ముగ్గురు. నడుమనున్న తెల్లజుట్టు ఆవిడ ఆ వాక్యం పైకి చదివింది. ఇంత మాట ఎవరి గురించీ ఎవరూ రాయగా నేను చూడలేదు, ఒక ఉదాహరణ చెప్తారా అంది.

ఇటుకల బట్టీ చెప్పాను.

నేను చెప్పులు విప్పాను, నేను మట్టి నలిపాను, నేను అన్నాను అని చెప్పాను. ముసలావిడ అరుపు కూడా అభినయించాను. ముగ్గురూ నవ్వారు. నోట్ చేసుకున్నారు.

లేఖలో తప్పు చేసింది నా వేళ్ళు, నేను కాదు అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇది నోటితో చేశాను.

ఫిబ్రవరి 20

వచ్చింది. నాకే.

యోవిటాకి రాలేదు. ఆ మెయిల్ అందాక బాత్రూంలోకి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చింది. వచ్చి నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. తిండెప్పుడు పెడతావే అంది.

మార్చి 2, క్లాటెన్

అమ్మ వీధి వీధంతా పిలిచింది. పసుపన్నం గోపురంలా పోసి, చుట్టూ కోడిగుడ్లు, వేపుళ్ళు, చింతపండు కూరలు. మా మసీదు పెద్దాయన దువా చదివాడు. యోవిటా తలమీద గుడ్డ కప్పుకుని ఒక మూల తలొంచుకుని కూర్చుంది. తర్వాత చీపురు పట్టి వాకిలి ఊడ్చింది, అందరికీ ఆకులు వేసింది. పక్కింటావిడ, ఈ పిల్ల బంగారం, మా వాడికి చేసుకోనా అని అమ్మ చెవిలో అంది.

ఆనవాయితీ ప్రకారం అన్నం గోపురం కొన నేను కోసి, నాకు అందరికంటే ఎక్కువ మేలు చేసినవాళ్ళ చేతిలో పెట్టాలి. అమ్మకే ఇద్దామని లేచాను. అమ్మ చేతులడ్డంపెట్టి, నాకెందుకే, నీ ఎస్సే దిద్దింది ఎవరు, ఆ పిల్లకి పెట్టు అంది. వీధంతా అవునవునంది.

యోవిటా రెండు చేతులూ పట్టింది. పెట్టాను.

అక్కడే నమిలి మింగింది. భలే ఉందమ్మా అంది.

మార్చి 3

పొద్దున దాన్ని స్టేషన్‌లో దింపాను. ప్లాట్‌ఫారం బెంచీ మీద చెప్పేశాను. ఎలా మొదలుపెట్టానో గుర్తులేదు.

ఏ వాక్యం అంది.

చెప్పాను.

ఇబు నా గురించి అలా అన్నారా అంది. దాని ముఖం చూడాలి. చిన్నపిల్ల ముఖం. నిజంగా అన్నారా, ఏదీ, మళ్ళీ చెప్పు అంది. మళ్ళీ చెప్పాను. పెదాలు కదుపుతూ నా వెంట అంది. అప్పటికి ఇంకా కోపం రాలేదు. అది రావడం నేను చూశాను. మెల్లగా వచ్చింది.

ఇటుకల బట్టీ కూడా చెప్పావా అంది.

తలూపాను.

రైలొచ్చింది. అమ్మ కట్టిచ్చిన అన్నం డబ్బా నా ఒళ్ళో పెట్టి ఎక్కేసింది. వెనక్కి చూడలేదు.

మార్చి 6

ఇబు దగ్గరికి వెళ్ళాను. కన్ను బాగైంది. నేను చెప్తున్నంతసేపూ ఆ కంటితో నన్నే చూశారు. ఈ దేశంలో టీచర్నీ అమ్మనీ 'ఇబు' అనే ఒకే మాటతో పిలుస్తాం, ఆ మాట నోట్లోంచి రాలేదు నాకు.

ఇబు అరవలేదు. నీ గురించి నాలుగు మంచి మాటలు వెతికి చెప్పాల్సింది, ఓపిక లేక పైపైన చెప్పాను, అది నా తప్పు, కాని నువ్వు చేసింది నీదే, దాన్ని నేను మొయ్యను అన్నారు. మెయిల్ నువ్వే రాయి, ఇక్కడే, నా ఎదురుగా అన్నారు.

జరిగింది జరిగినట్టు రాశాను. సీటు వదులుకుంటున్నాను, అది యోవిటాకి చెందుతుంది అని రాశాను. పంపాను. ల్యాబ్ తాళాలు బల్ల మీద పెట్టాను. ఇబు తీసుకోలేదు. వద్దనీ అనలేదు. అక్కడే ఉన్నాయి.

మార్చి 7

అమ్మకి చెప్పాను. చాలాసేపు బియ్యం ఏరుతూ కూర్చుంది. తర్వాత, అన్నం తిన్న వీధికి నేనేం చెప్పుకోను అంది. నిజమే చెప్పమన్నాను. నీకేం మతిపోయిందా, వీసా రాలేదని చెప్తాను అంది.

మార్చి 15

జవాబొచ్చింది. నిజం చెప్పినందుకు ధన్యవాదాలట. ఈ ఏటి ఎంపిక ముగిసిందట, సీటు వెయిటింగ్ లిస్టులో ఉన్న పెరూ విద్యార్థికి వెళ్ళిందట. మిస్ యోవిటా వచ్చే ఏడు అప్లై చేసుకోవచ్చట. కాని మా ల్యాబ్ లేఖల్ని ఇకపై వేరే పద్ధతిలో పరిశీలిస్తారట.

జవాబు సంగతి తెలిసి యోవిటా ల్యాబ్‌కి వచ్చింది. పన్నెండు రోజుల తర్వాత నాతో మాట్లాడటం ఇదే. నిన్నెవరు అడిగారు వదులుకోమని అంది. నీ మనసు తేలికైంది, సంతోషం. నాకేం ఒరిగింది? పెరూవాడికి ఒరిగింది. మన ల్యాబ్ పేరు కూడా పోయింది. దొంగతనం చేసినప్పుడూ నన్నడగలేదు, తిరిగిచ్చేటప్పుడూ నన్నడగలేదు.

ఏం చెయ్యమంటావు అన్నాను.

నోరు మూసుకుని వెళ్ళిపోయి ఉండాల్సింది, నాకో స్నేహితురాలైనా మిగిలేది అంది.

అప్పుడు ఏడ్చింది. సీటు పోయిన రోజు ఏడవలేదు, ఇప్పుడేడ్చింది. నేను దగ్గరికి వెళ్ళబోతే, అక్కడే ఉండు అంది.

అక్కడే ఉన్నాను.

మే 20

యోవిటా ఫ్లోరెస్ వెళ్ళిపోయింది. వాళ్ళ ఊళ్ళో వ్యవసాయ పాఠశాలలో ఉద్యోగం. ఓడరేవు రైలెక్కించడానికి ల్యాబ్ అంతా స్టేషన్‌కి వెళ్ళింది. నేను ఆ రోజు శాంపిల్స్ ఆరబెట్టాను.

ఆగస్టు 8

ఈ మధ్య ఏమీ రాయడం లేదు. రాయడానికేం లేదు. తాళాలు ఇప్పుడు కొత్త అసిస్టెంటు దగ్గరున్నాయి. నేను జీతానికి పనిచేస్తున్నాను.

నవంబర్ 12

యోవిటా మెసేజ్. ఇన్ని నెలల్లో మొదటిది.

ఆస్ట్రేలియాకి అప్లై చేస్తున్నాను, ఇబు లేఖ ఈసారి ఆవిడే రాస్తున్నారు, సిఫారసు రాయడానికి మూడో మనిషి కావాలన్నారు, నా ఫీల్డ్ పని దగ్గరుండి చూసింది నువ్వొక్కదానివే, నీ పేరిచ్చాను, లింకొస్తుంది, రాశాక నాకు చూపించక్కర్లేదు.

అంతే. ఎలా ఉన్నావని లేదు. నేనూ అడగలేదు. సరే అని మాత్రం కొట్టాను.

నవంబర్ 14, ఉదయం

లింకొచ్చింది. లేఖ కంటే ముందు ఒక ప్రశ్న. ఈ విద్యార్థి మీకు ఏమవుతారు? శిష్యురాలు, ఉద్యోగి, సహోద్యోగి, ఇతరం.

ఇతరం నొక్కాను. కింద ఖాళీ గడి తెరుచుకుంది. వివరించండి అంటోంది.

మధ్యాహ్నమైంది. ఇంకా ఆ గడి దగ్గరే ఉన్నాను.