అత్త తలలోని తెల్ల దారులు

క్యోటెరా

ప్రియమైన మా ఆయనకు,

నాది నాలుగో తరగతితో ఆగిన చదువు. తప్పులు, వంకర అక్షరాలు మన్నించండి. సిగ్గుచేటు విషయం, ఇంకొకరి చేత రాయించలేను.

స్కానింగ్ గదిలో మొహానికి గుడ్డ కట్టుకుని మా అమ్మ తల పట్టుకున్నది మీరేనట. "కదలకండి" అన్న గొంతును బట్టి పోల్చుకుంది. అల్లుడు తాకితే అత్తకు వణుకు రోగం పట్టుకుంటుందని తెలియదా మీకు? అసలే వణుకుతున్న మనిషి, ఇప్పుడు గిన్నె కూడా ఎత్తలేకపోతోంది. ఊట దగ్గర ఆడవాళ్లు "అంతా అల్లుడి చేతి చలవే" అని నవ్వుతున్నారు. నేనిక మీ ఇంటికి రాను.

నల్వోగా


కంపాలా

ప్రియమైన నల్వోగా,

నేను తాకకముందు మీ అమ్మ వణకలేదా? మెదడులో ఒకచోటి నుంచి ఇంకోచోటికి కబుర్లు మోసే తెల్లటి పోగులుంటాయి. వాటి దారులు గీయడమే నా పని. ఆవిడ వణుకు ఏ దారిన నడుస్తోందో కనిపెట్టాను. అక్కడికి సన్నటి తీగ దించితే తగ్గవచ్చు. వెంట్రుకవాసి తప్పితే మాట పడిపోవచ్చు. ఆపరేషన్‌లో ఆవిడ మెలకువగానే ఉంటుంది. చెయ్యి పట్టుకుని, వణుకు చూస్తూ, డాక్టరుకు దారి చెప్పాల్సింది నేనే. ఈ పని వచ్చినవాడు ఇక్కడ ఇంకొకడు లేడు.

ఊరి నోళ్లకు అంత భయమైతే మటోకే అరటికాయ ముద్దలు కూడా వాళ్లనే తినిపించమను! మంగళవారం తీసుకురా. లేదంటే ఇక నాకు రాయకు.

కిబేరు


క్యోటెరా

ప్రియమైన మా ఆయనకు,

మీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. "చస్తాను గాని అల్లుడి చేత తాకించుకోను" అంది.

"అతను నీ అల్లుడు కాకపోతే?"

"నీకు పిచ్చిగానీ పట్టిందా పిల్లా?" అని తిట్టింది. తిడుతుంటే గడ్డం కూడా వణికింది.

నిన్న పెద్దల ముందు మొదటిసారి నోరు విప్పి, ఈ పెళ్లి నాకొద్దన్నాను. "కొట్టాడా? తిండి పెట్టలేదా?" అని అడిగారు. పొగరుబోతు, మొరటువాడు, తిట్టి ఉత్తరాలు రాస్తాడు అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. బిడ్డలు లేరు కనుక వాళ్లూ అడ్డు చెప్పలేదు. పెళ్లిలో మీరిచ్చిన కోడిపుంజుకు బదులు మా అన్న ఇంకో పుంజును మీవాళ్లకు తిరిగి ఇచ్చేశాడు. దాంతో మన పెళ్లి తెగిపోయింది.

ఇప్పుడు మీరు మాకేమీ కారు. మంగళవారం అమ్మను మా అన్న తీసుకొస్తాడు. చెయ్యి గట్టిగా పట్టుకోండి. దారి తప్పారో, బతికున్నంతకాలం మిమ్మల్ని క్షమించను.

పైన "మా ఆయన" అని రాశాను. పెద్దల కంట పడితే తెగింది ఉత్తిదేనంటారు. చదవగానే దీన్ని కాల్చేయండి.

నల్వోగా