పెంచలమ్మకు ఇంగ్లీషు రాదట

ఇందుకూరుపేట,
11 జులై 1963.

మిత్రుడు పద్మనాభయ్యకు,

తిమోతి వందనాలతో రాయునది. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ, నా భార్య ఎలిశబెతూ ఆరోగ్యంగానే ఉన్నాం. మద్రాసులో నువ్వూ, చెల్లెమ్మా, పిల్లలూ సుఖంగా ఉన్నారని తలుస్తాను. మర్యాదకు రాయవలసినవి ఇంతటితో అయిపోయాయి. ఇక నా కోపం సంగతి రాస్తాను, కుదురుగా కూర్చుని చదువు.

నిన్న, పైదేశాల చదువులకు వెళ్లేవాళ్లకు పరీక్షలు పెట్టే మీ ఆఫీసు నుంచి పెంచలమ్మ పేర కవరు వచ్చింది. ఇంగ్లండు యూనివర్సిటీవాళ్లు అడిగిన ఇంగ్లీషు పరీక్ష ఫలితం అందులో ఉంది. రాతలో తృప్తికరమట. మాటలో మాత్రం అభ్యర్థి ప్రశ్నలను గ్రహించలేకపోయిందట, ఒక్కదానికీ బదులివ్వలేదట, కాబట్టి ఆ దేశంలో పాఠాలు వినడానికి తగదట. కింద పరీక్ష పెట్టిన దొరసాని సంతకం, దాని కింద ఆఫీసు తరఫున నీ సంతకం. ఫిఫ్తు ఫారంలో ఇంగ్లీషు వ్యాసాలన్నీ నా నోటుబుక్కులో చూసి రాసిన పద్మనాభయ్య, నా శిష్యురాలికి ఇంగ్లీషు రాదని సంతకం పెట్టాడు. ఆ కాగితం ఎలిశబెతుకు చదివి వినిపించాను. ఈ ఏడు ఆయనకు ఆవకాయ జాడీ పంపేది లేదని ఒక్క మాటతో తేల్చేసింది.

నీకు ఆ పిల్ల ఫైలు నంబరు తెలుసు గాని పిల్ల తెలియదు. తండ్రి మస్తానయ్యకు మైపాడు వైపు, ఉప్పుటేటి పక్కన నాలుగెకరాల మడి. సముద్రం పోటెత్తినప్పుడల్లా ఉప్పునీళ్లు ఏటిలోంచి ఎగదన్ని పొలంలోకి వస్తాయి. మొలగొలుకుల వరి మూరెడు లేచి ఎర్రబారి చచ్చిపోతుంది. మస్తానయ్య ప్రతి ఏడూ చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని, ఈసారి నాటు వేయాలా వద్దా తేల్చుకుంటాడు. తండ్రి వెనకాల తిరుగుతూ ఈ పిల్లా మట్టి నాకింది. నెల్లూరులో బీయెస్సీ చదివింది. వరి ప్రయోగ క్షేత్రంలో రెండేళ్లుగా పనిచేస్తూ, ఎంత ఉప్పుకు ఏ వరి తట్టుకుంటుందో కుండల్లో పెంచి చూసింది. దాని మీద పదహారు పేజీలు ఇంగ్లీషులో రాసింది. అది చదివి ఇంగ్లండులో ఒక ప్రొఫెసరు తనంతట తానే ఉత్తరం రాశాడు. తన దగ్గర రెండేళ్లు చదువుకోమని సీటు ఇప్పించాడు. ఏడాదిగా వాళ్లిద్దరికీ ఉత్తరాలు నడుస్తున్నాయి. అవన్నీ సంస్కృతంలో నడిచాయా? ఇప్పుడు ఆగస్టు ఆఖరులోగా మీ కాగితం అందకపోతే సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. మస్తానయ్య పొలంలో ఉప్పు మాత్రం ఏ కాగితం కోసమూ ఆగదు.

నాకు కడుపు మండేది ఇక్కడే. మా మిషనుకు వచ్చిన దొరలు మాతో తెలుగే మాట్లాడేవాళ్లు. ఒకాయన కొత్తగా వచ్చినప్పుడు స్కూలు పిల్లలందరినీ నిలబెట్టి, మీరు బాగా ఉన్నాయా అని అడిగాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు, నేను దండ వేశాను. ఈయనకు తెలుగు రాదు, ఈ దేశంలో ఉండతగడు అని మనం ఎవరమైనా కాగితం రాసి ఇచ్చామా? మన గడప తొక్కినవాడు నాలుగు ముక్కలు మాట్లాడితే మురిసిపోయాం. వాళ్ల గడప తొక్కాలంటే మన పిల్ల పన్నెండు నిమిషాల మాట పరీక్షలో తన నాలుకను రుజువు చేసుకోవాలి. పదహారు పేజీలు చాలవు, ఏడాది ఉత్తరాలు చాలవు, పన్నెండు నిమిషాలు చాలుతాయి.

పైగా ఆ పిల్లకు ఇంగ్లీషు నేర్పింది ఎవరో కొత్త మనిషి కాదు. ఫస్టు ఫారం నుంచి నా చేతికింద పెరిగింది. నా పద్ధతి నీకు తెలుసు, ఎగతాళి కూడా చేసేవాడివి. ఇన్‌స్పెక్టరు ప్రశ్న వేస్తే ముందు నేను వింటాను. అదే ప్రశ్న నా గొంతుతో పిల్లలకు చెబుతాను. తరవాత చూపుడువేలితో బల్ల మీద ఒక్కసారి తడతాను. అప్పుడే నోరు విప్పాలి. తట్టకముందు నోరు తెరిచినవాడు ఆ వారమంతా బెంచీ మీద నిలబడాలి. ముప్పై ఒక్క ఏళ్లలో ఏ ఇన్‌స్పెక్టరూ నా క్లాసులో తప్పు జవాబు విని ఎరగడు.

ఇక మీ పరీక్ష మాట. ఆడపిల్లకు తోడు కావాలి గనుక నేనే మద్రాసు తీసుకొచ్చాను. నన్ను కూడా లోపల కూర్చోనిచ్చారు, అందుకు మాత్రం మీ ఆఫీసుకు కృతజ్ఞతలు. గోడవార ఒక చిన్న బల్ల పక్కన నాకు కుర్చీ వేశారు. ఆ దొరసాని ఇంగ్లండు నుంచి వచ్చి నెల కూడా కాలేదట. సగం మాట పలికి సగం మింగుతుంది. చేతిలో టీ కప్పు, పెదవులు కదలవు. అది ఇంగ్లీషు ఉచ్చారణ కాదని నేను ఎవరి ముందైనా చెబుతాను. మూడు ప్రశ్నలు వేసింది. ప్రతిసారీ పెంచలమ్మ నావైపు చూసింది. చూస్తే నేనేం చేయను, పరీక్ష ఆమెది గదా. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాను. మూడోసారి పిల్ల తల వంచుకుంది. దొరసాని ఏదో రాసుకుని, నవ్వి, పొమ్మంది.

నిన్న సాయంత్రం మస్తానయ్య వచ్చాడు. బురద కాళ్లతో వాకిట్లోనే నిలబడిపోయాడు. అయ్యోరా, నా బిడ్డకి మాట రాదని రాసిచ్చినారంట గదా, ఇంట్లో ఇది రవ్వంతసేపు నోరు మూసుకుంటే చాలని మేం మొక్కుకుంటా ఉండామే, అన్నాడు. నవ్వించాలనే అన్నాడు గాని, అంటూనే కళ్లు తుడుచుకున్నాడు. ఆ మనిషికి ఏం చెప్పమంటావు?

కాబట్టి నువ్వు చేయవలసింది ఇది. పరీక్ష పెట్టినవారి ఉచ్చారణ సరిగా లేనందున ఈ ఫలితం చెల్లదని యూనివర్సిటీకి రాయి. రాయకపోతే నేను పత్రికలకు రాస్తాను. నా ఇంగ్లీషు ఎలాంటిదో నీకు తెలుసు.

ఇప్పటికి ఇంకా నీ మిత్రుడే అయిన,
తిమోతి.

తా.క.: కవరు అంటించకముందే ఈ పొద్దున పెంచలమ్మ వచ్చింది. సంతోషిస్తుందని ఉత్తరమంతా చదివి వినిపించాను. అంతా విని, దొరసాని మాటలు మింగిందన్న చోటు మాత్రం కొట్టెయ్యమంది. ఆమె బాగానే మాట్లాడిందట. అయితే ఏమడిగిందో చెప్పమన్నాను. ప్రయాణం ఎలా సాగిందని మొదట అడిగిందట. మీ పొలం సముద్రానికి ఎంత దూరమని రెండోసారి. నేలలో ఉప్పు ఎంతుందో మీ నాన్నకు ఎలా తెలుస్తుందని మూడోసారి. మూడింటికీ నా వసారాలో నిలబడి ఇంగ్లీషులో జవాబు చెప్పింది. మట్టిని నాలుక మీద పెట్టుకోవడం గురించి చెబుతుంటే నేను అలాగే వింటూ ఉండిపోయాను. మరి అక్కడెందుకు చెప్పలేదమ్మా అన్నాను. మీరు బల్ల తట్టలేదు గదా అయ్యోరా, అంది.

పద్మనాభయ్యా, నేను తట్టలేదు. ఆ మూడింట్లో ఒక్క ప్రశ్న కూడా నాకు అర్థం కాలేదు. ముప్పై ఒక్క ఏళ్లు ఇంగ్లీషు చెప్పినవాణ్ని, ఇంగ్లండు మనిషి ఇంగ్లీషు మాట్లాడగా దగ్గర నుంచి వినడం అదే మొదలు. బయటపడకూడదని కళ్లజోడు తుడుచుకున్నాను. రెండుసార్లు ఆ పిల్ల నా వేలికోసం చూసింది. మూడోసారి నా మొహం చూసి సంగతి గ్రహించింది. తాను జవాబు చెబితే, అయ్యవారికి అందనిది శిష్యురాలికి అందిందని ఆ గదిలో తెలిసిపోతుంది. అందుకని తల వంచుకుంది. ఇది తనంతట తాను చెప్పలేదు. నేను గుచ్చి గుచ్చి అడిగితే, చివరికి అవునన్నట్టు తలూపింది.

పన్నెండు నిమిషాల పరీక్ష అన్యాయమేనని ఇప్పటికీ అంటాను, అది వేరే తగాదా. ఈ ఉత్తరం చించేద్దామనుకున్నాను గాని, నా తప్పుకు నేను ఎందరిని తిట్టానో నువ్వు చూడాలని పంపుతున్నాను. దొరసానికి నా క్షమాపణ చెప్పు. ఈ తా.క. ఆమెకు ఇంగ్లీషులో చదివి వినిపించి, ఆగస్టులోగా పెంచలమ్మను మళ్లీ పిలిపించు. నేను రాను. తోడుగా వాళ్లమ్మ ఆదిశేషమ్మ వస్తుంది. ఆమెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు, బల్ల తట్టే అలవాటూ లేదు.