యాభై పౌన్ల విల్లు

చోంగ్రాద్,
మే 17.

గౌరవనీయులైన గెల్లేర్ట్ గారికి,

వెండెల్ వినయంగా నమస్కరించి రాస్తున్న సంగతులు. ఇక్కడ నేనూ మా ఆవిడ ఎతెల్కా క్షేమం. మీ కనుబొమ మీది కుట్లు విప్పేశారనీ, చూపుకు ఏ ఇబ్బందీ లేదనీ మీ ఆవిడ బోర్బాలా సంతలో ఎతెల్కాతో అన్నదట. ఆ కబురు విన్నాకే నాకు ముద్ద దిగింది.

ఇక ఈ మీరులూ గారులూ నా వల్ల కాదురా. ఉత్తరం మర్యాదగా ఉండాలని మన విలుకాళ్ళ సంఘం పెద్ద కోర్నెల్ మరీ మరీ చెప్పాడు. ఎవరు చేసిన విల్లు విరిగి మనిషికి దెబ్బ తగిలితే వాళ్ళు క్షమాపణ ఉత్తరం రాయాలి, దెబ్బ తిన్నవాడు దాన్ని శనివారం అందరి ముందూ పైకి చదవాలి. ఆ నియమం పెట్టిన రోజు ఉత్సాహంగా చెయ్యెత్తినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఇప్పుడు అనుభవిస్తున్నాను. చదివేది నువ్వే కాబట్టి ఒరేయ్ అని ఉన్నచోట కాస్త దగ్గు.

జరిగింది అక్కడున్న అందరికీ తెలుసు, అయినా రాయాలి. పోయిన నెల వసంత పోటీలో నేను చేసిచ్చిన విల్లు, నిండుగా లాగాలంటే యాభై పౌన్ల బలం కావాల్సినది, నువ్వు లాగావు. సగం లాగావో లేదో పై రెక్క ఫట్‌మని విరిగి నీ మొహానికి కొట్టింది. కారుతున్న రక్తాన్ని చేత్తో అదిమిపట్టుకుని నావైపు తిరిగి, నీ జిగురు కుళ్ళిందిరా, నీ చేతులూ కుళ్ళాయి, మళ్ళీ నీ కొట్టం గడప తొక్కితే అడుగు అన్నావు. అన్న మాట మీదే ఉన్నావు.

ఆ విల్లు మనిద్దరం కలిసి మొదలుపెట్టిందే. పైన అకాసియా చెక్క పట్టీ, నడుమ మేపుల్ చెక్క, లోపలివైపు మళ్ళీ అకాసియా. మూడింటికీ జిగురు పూసి, అచ్చు మీద వంచి, పాత సైకిల్ ట్యూబులతో బిగించి చుట్టాం. జిగురు కారి నీ చొక్కా నా బల్లకు అంటుకుపోతే, ఈసారి నిన్ను కూడా విల్లులో కలిపి ఆరబెడతానని అన్నాను. ఆరాక వంపు దిద్దింది మాత్రం నేనొక్కణ్ణే. విల్లును గోడ పలకకు తగిలించి, కప్పీ తాడుతో కొద్దికొద్దిగా లాగుతూ, రెండు రెక్కలూ ఒకేలా వంగుతున్నాయా అని చూడాలి. బిగుసుకుపోయిన చోట గాజు పెంకుతో గీకాలి, గీకినకొద్దీ విల్లు లాగడం తేలికవుతుంది. తక్కువ గీకితే రేపు మళ్ళీ గీకవచ్చు, ఎక్కువ గీకితే చెక్క తిరిగి రాదు.

తప్పు జిగురుది, అంటే నాది. ఆ రోజు కొట్టంలో చలి. జిగురు డబ్బాలు వెచ్చబెట్టి కలపాల్సింది, తొందరపడ్డాను. విరిగిన ముక్కలు ఇంటికి తెచ్చి చూస్తే పట్టీలు విడిపోయి ఉన్నాయి.

సిగ్గుగా ఉందిరా. రొట్టెల దుకాణంలోకి అడుగుపెడితే మాటలు ఆగిపోతున్నాయి. తిసా నది వరద తీశాక ఒడ్డున చేపల పులుసు వండారు కదా, నువ్వు రాలేదు. అక్కడ ఒకాయన, ఆ గిన్నె వెండెల్ అతికించింది కాదు కదా, పులుసు కారిపోతుంది అన్నాడు. అందరితో పాటు నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి ఎతెల్కా ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఇది కూడా చదువు, ఫరవాలేదు.

ఏడాది పాటు సంఘంలో ఎవరూ నా విల్లు పట్టకూడదన్న తీర్పు నాకు సమ్మతమే. క్షమించానని నువ్వు నోటితో అంటే ఆ తర్వాత చేయనిస్తారట. అనకపోతే నా పనిముట్లు అటక ఎక్కుతాయి. అది నీ ఇష్టం, నేను బతిమాలను. కాని కొట్టంలో ఒక్కణ్ణే కూర్చుని ఎవరితో పోట్లాడను? ఒకసారి రా. తిట్టడానికైనా రా.

తల దించుకుని,
నీ వెండెల్

తా.క. ఈ కాగితం విడిగా పెట్టాను. ఇది పైకి చదివేది కాదు.

జిగురు విడిపోలేదు. పై రెక్కను పొయ్యిలో పెట్టేదాకా పట్టీలు ఒకదాన్నొకటి కరుచుకునే ఉన్నాయి. విరిగింది నువ్వు లోపలి పట్టీని జేబుకత్తితో చెక్కి, పైన వార్నిష్ పూసిన చోట. గడ్డిలోంచి ముక్క ఎత్తగానే ఆ గాట్లు నా బొటనవేలికి తగిలాయి. కోర్నెల్ కంట పడకుండా చొక్కాలో దోపుకుని తెచ్చాను. ముందు ఒళ్ళు మండింది. నిన్ను నిలదీయాలని మీ గేటు దాకా వచ్చాను కూడా.

అక్కడ నిలబడ్డాక అర్థమైంది. యాభై లాగలేకపోతున్నాను, కాస్త తగ్గించి పెట్టమని నువ్వు నాతో ఎలా అంటావు? పాపం కోర్నెల్ ముప్పై ఐదు పౌన్ల విల్లు అడిగితే, దానికి పాలపీక కట్టి అందరి ముందూ చేతిలో పెట్టినవాణ్ణి నేను. అందరూ పడీపడీ నవ్వారు, నువ్వూ నవ్వావు. నీ కనుబొమ చీల్చింది నా నోరురా.

అసలు సిగ్గు ఇంకొకటుంది. నా విల్లు మీద యాభై ఐదు అని రాసి ఉంటుంది కదా, అది అబద్ధం. ఇప్పుడది ముప్పై ఆరు ఉంటే గొప్ప. ఏటా ఎవరూ లేనప్పుడు కప్పీకి తగిలించి, రెండు రెక్కలూ సమంగా గీకుతూ వచ్చాను. నాకు పని తెలుసు కాబట్టి నాది విరగలేదు. పాలపీక కట్టిన రోజు కూడా పొద్దున్నే భుజానికి కాపడం పెట్టుకుని వచ్చాను. ఎతెల్కాకు కూడా తెలియదు, నడుము నొప్పి అని చెప్పాను.

జిగురు మాట అలాగే ఉండనీ. ఆ మాట నేను మోయగలను. కోర్నెల్ ముందు మాత్రం తల ఎత్తలేకపోతున్నాను, ఆయన దగ్గరికి విడిగా వెళ్తాను.

నా భుజం పోయి నాలుగేళ్ళయింది. నీది ఎప్పటినుంచిరా?