మసిగుడ్డలు దాచెయ్

చెల్లీ,

మన అత్తయ్య చిన్నకొడుకింటికి, నీ దగ్గరకు క్షేమంగా చేరారని మీ బావగారు చెప్పారు. ఇక్కడ ఉన్నన్నాళ్లూ మా ఇద్దరికీ పొయ్యిగట్టు తుడిచే దగ్గరే పేచీ. నేను స్పాంజి తెస్తే, "ఎప్పుడూ తడి ఆరని దానికి శుభ్రమేంటమ్మా, అది కంపు దాచుకునే సంచీ" అనేవారు. తన పాత నూలుచీర చింపి మసిగుడ్డలు చేసి, రోజూ ఉడకబెట్టి ఎండలో ఆరేసేవారు. ఓసారి పాలగిన్నెలోనే ఉడకబెట్టారు. నేను రెండు రోజులు మాట్లాడలేదు.

ఇప్పుడు వంటింట్లో స్పాంజిదే రాజ్యం. గట్టు మెరుస్తోంది కూడా. అయినా కిటికీ అవతల తీగ మీద ఆ గుడ్డ కనిపించకపోతే పొయ్యి వెలిగించబుద్ధి కావడం లేదు. బెంగ ఆవిడ మీదో, ఆవిడతో వాదన మీదో ఎంత ఆలోచించినా తేలడం లేదు. రమ్మని అడుగుదామంటే నోరు రాదు. గెలిచినదాన్ని కదా.

అందుకని నువ్వో సాయం చెయ్యాలి. నీ మసిగుడ్డలన్నీ దాచేసి, సింకు పక్కన తడి స్పాంజి ఒకటి ఆవిడ కంటపడేలా పెట్టు. ఆవిడ ఏమన్నా సరే వాదించకు, ఊరికే నవ్వు. ఆవిడ పెట్టె సర్దుకోగానే నాకు ఫోన్ చెయ్, స్టేషన్‌కు నేనే వెళ్తాను.

పాలకు వేరే గిన్నె కొన్నాను.

నీ అక్క