మంచుముద్ద నీడ

నవంబరు 9, ఆదివారం
బట్టలు రెండు వాయిలు. ఫ్రిజ్ కడిగాను. వంటింటి డబ్బాలన్నీ తుడిచి మూతలు బిగించాను. ఇస్త్రీ మిగిలింది. మధ్యాహ్నం చెల్లి దిగింది మరి. ఒక సూట్‌కేసు, ఒక టెలిస్కోపు. తను స్వెట్టర్ తెచ్చుకోలేదు కానీ టెలిస్కోపుకి రెండు దుప్పట్లు చుట్టింది.

నెప్ట్యూన్ అవతల, సూర్యుడి వేడి అందని చోట, ఒక మంచుముద్ద తిరుగుతోందట. కొన్నేళ్ల క్రితం ఫొటోల్లో దాన్ని మొదట గుర్తుపట్టింది చెల్లే. శుక్రవారం సాయంత్రం అది ఒక నక్షత్రానికి అడ్డం వస్తుందట. దాని నీడ మా ఊరి మీదుగా పోతుందట. నక్షత్రం కాసేపు ఆరిపోతే చెల్లి వేసిన దారి లెక్క నిజం. ఎంతసేపు ఆరిందో తెలిస్తే ముద్ద ఎంత పెద్దదో తేలుతుంది. అసలు ఆరకపోతే లెక్క తప్పు. వెతకడానికి పెద్ద టెలిస్కోపు ఇంక ఇవ్వరట. ఆ ముద్ద ఎక్కడో ఉంటుంది, ఎక్కడుందో ఎవరికీ తెలియదు.

సాయంత్రమంతా కళ్లజోడు కోసం ఇల్లు తిరగేసింది. నెత్తి మీదే ఉంది.

నవంబరు 10, సోమవారం
డాబా కడిగాను. చెల్లి టెలిస్కోపు నిలబెట్టి, అక్కా, అదేంటే అంది. పక్కింటి డాబా మీద ఫ్లడ్‌లైటు. దొంగల భయంతో చీకటి పడగానే వేస్తారు. నక్షత్రం సరిగ్గా ఆ వైపే. ఆ ఒక్కరోజు ఆర్పమని చెప్పవే అంది.

ఎలా చెప్పను? వేసవిలో ఆవిడ తివాచీలు దులిపితే నా తడి బట్టలన్నీ మట్టికొట్టుకుపోయాయి. నోరు జారాను. ఆవిడా తక్కువ తినలేదు. అప్పటినుంచి మాటల్లేవు.

మా వారికి ఇది తమాషా. మీ అక్క ఆ గడప తొక్కేలోపు నువ్వు నెప్ట్యూన్ దాకా నడిచి వెళ్లి రావచ్చమ్మా అని మరదలితో అన్నారు. ఇద్దరూ ఒకటే నవ్వు.

నవంబరు 11, మంగళవారం
ఉతికినవే మళ్లీ ఉతికాను. వెళ్లలేదు.

నవంబరు 12, బుధవారం, ఉదయం
వాళ్ల గేటు దాకా వెళ్లి తిరిగొచ్చాను.

సాయంత్రం
వెళ్లాను. ఆవిడ తలుపు తీసి, ఏంటి, మళ్లీ మా దుమ్మేమైనా వచ్చిందా అంది. చెప్పాల్సింది గబగబా చెప్పాను. సగం విన్నాక కూర్చోమంది. అంత దూరంలో ఉన్నదానికి కూడా మా లైటే అడ్డమొచ్చిందా వదినా అని నవ్వింది. వదినా అని పిలిచి ఎన్నాళ్లయిందో. శుక్రవారం ఆరున్నరకి ఆర్పేసి, మళ్లీ ఏడు దాటాకే వేస్తానని మాటిచ్చింది.

నవంబరు 14, శుక్రవారం
మబ్బు లేదు. ఒకచోట కూర్చోలేకపోయాను. మెట్లు రెండుసార్లు ఊడ్చాను.

ఆరున్నర కాకముందే లైటు ఆరింది. మంచి మనిషి, ముందే ఆర్పింది అనుకున్నాను. ఏడుకు పది నిమిషాలుందనగా, టెలిస్కోపుకి తగిలించిన ల్యాప్‌టాప్‌లో నక్షత్రం చుక్క టక్కున ఆరిపోయింది. చెల్లి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చుక్క మళ్లీ రాకముందే డాబా అంతా తెల్లగా వెలిగిపోయింది. స్క్రీన్ నిండా తెలుపే.

మాటంటే లెక్కలేదా అని పిట్టగోడ మీంచి అరిచాను. ఏడు దాటింది కదమ్మా అని ఆవిడ అంతకంటే గట్టిగా అరిచి లోపలికి వెళ్లిపోయింది.

చెల్లి ఏడవలేదు. ఆరిన క్షణం దొరికింది, దారి నిజమే, ఇంక అది తప్పిపోదు అంది. మళ్లీ వెలిగిన క్షణం దొరకలేదు. అంటే ఎంత పెద్దదో చెప్పలేరు. పర్లేదే అక్కా, ఉందని తెలిసింది చాలు అంటూనే స్క్రీన్ వంక చూస్తూ కూర్చుంది. అన్నం ముట్టలేదు.

నవంబరు 15, శనివారం
చెల్లిని రైలెక్కించాను. ఇంటికొచ్చేసరికి గుమ్మంలో పక్కింటావిడ. ఏడు దాటాకే వేశాను, నామీద నింద వేస్తే ఊరుకోను అంది. తగువుకి సిద్ధంగా వచ్చిన మనిషి, వంటింట్లో గోడ గడియారం చూసి, చేతిలో ఫోనులో టైము చూసి ఆగిపోయింది. మీదీ పది నిమిషాలు ముందుంటుందా వదినా అంది.

మా వారు ఆఫీసుకి ఆలస్యం కాకుండా నేనే తిప్పి పెట్టాను. చూసినప్పుడల్లా పది తీసేసుకుంటాను. వాళ్లింట్లోనూ అంతేనట. ఆర్పేటప్పుడూ వేసేటప్పుడూ ఆ కంగారులో తీసెయ్యడం మర్చిపోయిందట. నా గడియారం సంగతి నాకు తెలుసు. వాళ్లదీ అంతేనేమో అని ఒక్క మాట అడగలేకపోయాను. పైగా అరిచాను.

టీ ఇచ్చి పంపాను.

నవంబరు 16, ఆదివారం
పక్కింటికి ఒక క్షమాపణ బాకీ. వెళ్లి చెప్పాను. ఆవిడ చేతులు రెండూ బారజాపి, ఇంతకీ అది ఇంతుంటుందా వదినా అంది. ఇంకా పెద్దదన్నాను. ఇంకొంచెం జాపింది.

చెల్లు.