జా సెంగ్ అమ్మమ్మ పువ్వు

రమణక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. తాకేటా పేటలో మన క్లాసు ఆగలేదు. కొండల నుంచి యాంగోన్‌కి చదువుకోడానికొచ్చిన కచిన్, చిన్ తెగల ఆడపిల్లలకి సొంత యాపారం పెట్టుకోడం, నలుగురిలో నోరు విప్పి మాట్లాడ్డం ఇప్పుడు నేనే నేర్పుతున్నాను. టీచరమ్మని వాళ్లు సయామా అంటారు కదా, నువ్వు పెద్ద సయామావి, నేను సయామాని.

నీ మొదటి బ్యాచ్ పిల్ల జా సెంగ్ తామ్వే పేటలో సంచుల కొట్టు పెట్టింది. కొత్త పిల్లలతో మాట్లాడమని ఇవాళ పిలిచాను. నీకు ప్రదర్శనలో బహుమతి తెచ్చిన ఎర్రపువ్వు సంచీ గోడకి వేలాడుతోంది కదా, అది చూపించి "ఇది మా అక్క డిజైను" అని గర్వంగా చెప్పాను. జా సెంగ్ తల దించుకుంది.

బయటికి తీసుకెళ్లి అడిగాను, "ఏటయిందే?"

"ఆ పువ్వు మా అమ్మమ్మ నేసేది, సయామా. క్లాసులో చూపిస్తే పెద్ద సయామా కాగితం మీద గీసుకున్నారు. తర్వాత ప్రదర్శనలో ఆవిడ పేరుతో చూశాను."

"అప్పుడే చెప్పొచ్చు కదా?"

"నోరు విప్పడం నేర్పిందే ఆవిడ. ఆవిడ మీదే ఎలా విప్పను?"

ఆ ప్రదర్శనలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది నేనే, అక్కా.

లోపలికెళ్లి నీ పేరున్న చీటీ పీకేశాను. జరిగింది పిల్లలందరికీ చెప్పి, సంచీ జా సెంగ్ చేతికిచ్చాను. వాళ్ల అమ్మమ్మ ఆ పువ్వు ఎలా నేసేదో ఆమె చెబుతుంటే, వెనక బెంచీలో కూర్చుని విన్నాను.

నువ్వుంటే దెబ్బలాడేదాన్ని. ఏటి చెప్పేదానివో వినేదాన్ని. సాయంత్రం నీ ఫొటో ముందు దీపం పెట్టాను. నీ మొహం మాత్రం చూడలేకపోయాను.

నీ చెల్లి,
లక్ష్మి